ఇంకోసారి బాబాయ్

బాబాయ్‌కి ఈ లోకంలో ఎవరు ఏ మాట చెప్పినా ఒక్కసారి చెబితే చాలదు. తల కాస్త పక్కకి వంచి, కళ్ళు చికిలించి, "ఏదీ, ఇంకోసారి చెప్పు" అంటాడు. చెవుడా అంటే కాదు, పక్క వీధిలో గుండుసూది పడ్డా వినిపిస్తుంది. మతిమరుపా అంటే అదీ కాదు, చిన్నప్పుడు అన్నగారు పోగొట్టిన గొడుగు పిడి ఏ రంగో ఇప్పటికీ చెబుతాడు. మరెందుకంటే ఎవరికీ తెలియదు. దేవుడు మనుషుల్ని చేసి పంపేటప్పుడు కొందరి నోట్లో ఒక మాట ఎక్కువ పెట్టి పంపుతాడు. బాబాయ్ నోట్లో పెట్టింది ఇది.

పెళ్ళికి ముందు పిన్ని "సరే, నాకిష్టమే" అందట. "ఏదీ, ఇంకోసారి చెప్పు" అన్నాడట ఈయన. "ఇంకోసారి అడిగితే మనసు మార్చుకుంటా" అందట ఆవిడ. బాబాయ్ రెండోసారి వినకుండా ఒప్పుకున్న సంగతి తన జీవితంలో అదొక్కటే అని ఇంట్లో చెప్పుకుంటారు.

ఒకసారి ఒక బీమా ఏజెంటు ఇంటికొచ్చాడు. గుక్క తిప్పుకోకుండా పాలసీ గురించి చెప్పాడు. బాబాయ్ ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాడు. మళ్ళీ ఇంకోసారి అన్నాడు. మూడోసారి చెబుతూ చెబుతూ ఆ ఏజెంటుకే ఏదో అనుమానం వచ్చింది. "ఉండండి సార్, ఇది నేను కూడా సరిగ్గా కనుక్కుని వస్తా" అని సంచీ సర్దుకుని వెళ్ళినవాడు మళ్ళీ కనపడలేదు. వినికిడి ఏమిటంటే, ముందు తన సొంత పాలసీయే రద్దు చేసుకున్నాడట.

ఈ బాబాయ్ అన్నగారి కూతురు చిట్టి. అసలు పేరు వేరే ఉంది కానీ, బాబాయ్ పిలిచిన పేరే నిలిచిపోయింది. చిన్నప్పుడు చిట్టికి బాబాయ్‌తో బయటికెళ్ళాలంటే సిగ్గుతో ప్రాణం చచ్చిపోయేది. స్టేషన్లో విచారణ కిటికీ దగ్గర గుమాస్తా విసుగ్గా "మూడో ప్లాట్‌ఫారం, మెట్లెక్కి ఎడమకి" అంటే, బాబాయ్ కిటికీలో తల దూర్చి, "ఏదీ బాబూ, కాస్త గట్టిగా, ఇంకోసారి" అనేవాడు. క్యూలో అందరూ వీళ్ళనే చూసేవారు. గుమాస్తా పళ్ళు నూరుతూ స్టేషనంతా వినపడేలా అరిచి చెప్పేవాడు. వెనకాల బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ ఎవరో ముసలమ్మ సంచీ చంకన పెట్టుకుని గబగబా మెట్ల వైపు నడిచేది. చిట్టి మాత్రం నేల చూపులు చూస్తూ, "నాన్నతో వస్తే ఈ గొడవ ఉండకపోను" అనుకునేది.

ఇంటికొచ్చి లెక్కలు చెప్పే మాస్టారి దగ్గరా ఇదే తంతు. చిట్టి భాగహారం నేర్చుకుంటుంటే బాబాయ్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "మాస్టారూ, ఆ శేషం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంకోసారి చెప్పండి" అనేవాడు. మాస్టారు ఒక్కో లెక్కా రెండేసి సార్లు చేసేవారు. ఆ ఏడు చిట్టికి లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి. అదంతా తన తెలివే అనుకుంది చిట్టి.

అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక కుట్టుమిషన్ల దుకాణం ఉంది. ముందు గదిలో మెరిసిపోయే కొత్త మిషన్లు, వెనక గదిలో విప్పదీసిన పాత మిషన్లు, అన్ని చోట్లా మిషన్ నూనె వాసన. కౌంటర్లో బాబాయ్, అద్దాల గదిలో చిట్టి నాన్న, కౌంటరు పక్కన చిన్న బల్ల దగ్గర ఫోనక్క. ఫోనక్క అంటే ఆ దుకాణానికి వచ్చే ఫోన్లన్నీ ఎత్తే ఆవిడ. చిట్టి పుట్టకముందు నుంచీ ఎత్తుతోంది. "నమస్కారమండీ, చెప్పండి" అని ఆవిడ అనే తీరు వింటే, తిట్టడానికి ఫోన్ చేసినవాళ్ళు కూడా ముందు క్షేమం అడుగుతారు. వెనక గదిలో మెకానిక్. చేతులకి నూనె, జేబు నిండా చీటీలు.

ఆ చీటీలతోనే వచ్చింది చిక్కంతా. చిట్టి చదువు పూర్తిచేసి దుకాణంలోకి అడుగుపెట్టిన కొత్తలో, ఒకే దర్జీకి ఒకే పూట ముగ్గురు ఫోన్ చేశారు. ఫోనక్క చేసింది తెలియక మెకానిక్ చేశాడు. వాళ్ళిద్దరూ చేశారని తెలియక చిట్టి చేసింది.

"మీ మిషన్ ఎలా నడుస్తోందండీ?" అంది చిట్టి తియ్యగా.

"పొద్దుట్నించి మీ ఫోన్లెత్తడానికే సరిపోయింది, ఇంక మిషన్ ఎక్కడ తొక్కానమ్మా! కుట్టింది నాలుగు గుండీలు" అన్నాడు దర్జీ.

అదే రోజు, ఆసుపత్రికి దుప్పట్లు కుట్టిచ్చే ఒకావిడ మెకానిక్ కోసం సాయంత్రం దాకా ఎదురుచూసింది. ఆవిడ చీటీ మెకానిక్ రెండో చొక్కా జేబులో ఉంది. ఆ చొక్కా చాకలికి వెళ్ళింది.

అప్పుడు చిట్టి వెతికి వెతికి ఒక సాఫ్ట్‌వేర్ పట్టుకొచ్చింది. కస్టమర్ల సంగతులన్నీ ఒక్కచోట ఉంటాయి. ఎవరు ఏ మిషన్ కొన్నారు, ఎప్పుడు బాగుచేశాం, ఎవరు ఫోన్ చేశారు, ఏం చెప్పారు, అన్నీ. కంప్యూటర్లో ఎక్కించే పని లేదు, బ్రౌజర్ తెరిస్తే చాలు. నెలనెలా చందా కట్టుకోవాలి. మొదటి నెల ఉచితం. ఆ నెల మొదలైన రోజున చిట్టికి కాళ్ళు నేల మీద నిలవలేదు. కొత్త మానిటర్లు తుడిచింది, గోడకి పెద్ద తెర పెట్టించింది, నాన్న గదిలోకి మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ అదే సంగతి చెప్పి వచ్చింది.

"నాన్నా, ఇంక మన దుకాణం ఎక్కడికో వెళ్ళిపోతుంది!"

"ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు గానీ, ఒక్కటే మాట" అన్నాడు నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "నెలాఖరుకి మన దుకాణంలో అందరూ దీన్ని నడపగలిగితే తీసుకుందాం. ఒక్కళ్ళు వెనకబడ్డా వద్దు. సగం మంది తెరలో, సగం మంది చీటీల్లో ఉంటే ఇప్పటికన్నా కంగాళీ అయిపోతుంది."

"అంతేనా? చూస్తూ ఉండు!" అంది చిట్టి.

అలా అని బయటికొచ్చిందో లేదో, ఎదురుగా బాబాయ్ కనిపించాడు. అందరూ అంటే బాబాయ్ కూడా కదా!

మొదటి పాఠం ఆ రోజే. గోడ మీద తెర వెలిగింది. మెకానిక్ చేతులు తుడుచుకుని వచ్చాడు. ఫోనక్క తన బల్ల దగ్గరే కూర్చుని, ఫోను తీగని వేలికి చుట్టుకుంటూ చూస్తోంది. బాబాయ్ కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"ఇది మన కంప్యూటర్లో ఉండదు. ఎక్కణ్ణుంచైనా పేరూ పాస్‌వర్డూ కొట్టి తెరుచుకోవచ్చు. చందా కట్టినన్నాళ్ళు మనం వాడుకుంటాం" అంది చిట్టి.

"ఏదీ, ఇంకోసారి చెప్పు" అన్నాడు బాబాయ్.

చిట్టి చెప్పింది.

"ఓహో. అంటే సొంతిల్లు కాదు, అద్దిల్లన్నమాట."

"అలాగే అనుకో బాబాయ్."

"గోడకి మేకు కొట్టుకోవచ్చా?"

మెకానిక్ పగలబడి నవ్వాడు. "అదే తల్లీ, మనక్కావలసినట్టు సర్దుకోనిస్తారా అని" అన్నాడు బాబాయ్ అమాయకంగా.

"సర్దుకోవచ్చు. ఇదిగో, 'మిషన్ మోడల్' అని కొత్త గడి పెట్టా. మేకు కొట్టినట్టే!"

"బాగుంది. మరి ఖాళీ చేసేటప్పుడు మన సామాను మనకిస్తారా?"

ఈసారి అందరూ నవ్వారు. ఫోనక్క కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ వేలికున్న తీగ వదులైంది. చిట్టి మాత్రం లోపల లోపల లెక్క వేసుకుంది. ఈ లెక్కన పాస్‌వర్డు దాటేసరికే నెల అయిపోతుంది.

కానీ ఆ నెల మహా సంబరంగా నడిచింది. ఫిర్యాదులన్నీ అప్పటికి చిట్టే ఎక్కించేది. ఒక ఫిర్యాదు పరిష్కారమైందని నొక్కగానే తెర మీద రంగురంగుల కాగితం ముక్కలు పువ్వుల్లా రాలేవి. అది చూడ్డానికి మెకానిక్ మిషన్లు రెట్టింపు వేగంతో బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. ఏ వీధిలో ఉన్నా పని కాగానే తన ఫోన్లో నొక్కి, "రాలాయా? అక్కడ పెద్ద తెర మీద రాలాయా?" అని దుకాణానికి ఫోన్ చేసేవాడు. "రాలాయి, రాలాయి" అని ఫోనక్క చెప్పేదాకా పెట్టేసేవాడు కాదు. చెడిపోని మిషన్లు కూడా బాగుచేస్తానని వెంటపడుతున్నాడని ఒకరిద్దరు దర్జీలు బెదిరిపోయారు. నాన్న కూడా ఏదో కాగితం కోసం వచ్చినట్టు వచ్చి, తెర ముందు కాసేపు నిలబడి, రంగులు రాలాక లోపలికి వెళ్ళేవాడు.

అడ్డల్లా ఒక్కటే. చిట్టి ఏం చెప్పినా బాబాయ్ వదిలేవాడు కాదు.

"ఆ మూడు చుక్కలు ఎక్కడున్నాయన్నావ్?"

"పైన, కుడివైపు."

"ఏదీ, ఇంకోసారి చూపించు... నొక్కితే పేలదు కదా?"

"పేలదు బాబాయ్!"

"పొరపాటున నొక్కితే?"

"వెనక్కొచ్చే బాణం ఉంది."

"ఆ బాణమే పొరపాటున నొక్కితే?"

"ముందుకెళ్ళే బాణం ఉంది!"

"చూశావా మెకానిక్, ఎంత దయగల మనుషులు చేశారో దీన్ని. ఏదీ తల్లీ, ఆ బాణాలు ఇంకోసారి."

చిట్టికి ఓపిక అడుగంటింది. నెలాఖరు దగ్గరపడింది. అసలు పాఠం ఇంకా మిగిలే ఉంది. ఫోన్ వచ్చినప్పుడు ఫిర్యాదు ఎలా ఎక్కించాలి, అది మెకానిక్‌కి ఎలా చేరుతుంది, అదీ అసలు పాఠం. ఆ రోజు చిట్టి ఒక ఉపాయం పన్నింది.

"బాబాయ్, పెద్ద బజార్లో దర్జీగారికి బాబిన్లు కావాలట. నువ్వెళ్ళి ఇచ్చొస్తావా? నువ్వైతేనే ఆయన సంతోషిస్తాడు."

"ఏదీ, ఇంకోసారి చెప్పు."

చిట్టి చెప్పింది. బాబాయ్ ఒకసారి గోడ మీద తెర వైపు, ఒకసారి ఫోనక్క వైపు చూశాడు. బాబిన్ల డబ్బా తీసుకుని వెళ్ళాడు.

ఆ పాఠం నడిచిందంటే, నున్నటి రోడ్డు మీద కొత్త సైకిల్ నడిచినట్టు నడిచింది. "అర్థమైందా?" అంటే "ఆఁ" అన్నారు. "ఏమైనా అడగాలా?" అంటే అడ్డంగా తలలూపారు. సగం సమయంలో అయిపోయింది. చిట్టి సంతోషం పట్టలేక అందరికీ టీ తెప్పించింది. "చూశారా, ఎంత తేలికో!" అంది. ఫోనక్క టీ తాగుతూ, ఎడమచేత్తో ఫోను తీగని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ, మొహమాటంగా నవ్వింది.

మర్నాడు పొద్దున దుకాణం తెరిచింది మొదలు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. "నమస్కారమండీ, చెప్పండి" అని ఫోనక్క ఎత్తుతూనే ఉంది, టకటకా కొడుతూనే ఉంది. మెకానిక్ మాత్రం తన ఫోను ముందు పెట్టుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

"అమ్మాయిగారూ, ఇది మామూలు సాఫ్ట్‌వేర్ కాదండీ" అన్నాడు మధ్యాహ్నం అయ్యేసరికి. "ఇవాళ ఊళ్ళో ఒక్క మిషన్ కూడా చెడిపోలేదు!"

"నిజమా!" అని చిట్టి కూడా మురిసింది. తర్వాత ఒక్క నిమిషం ఆలోచించింది. ఆలోచన పూర్తికాకముందే దర్జీ ఒకాయన కుట్టుమిషన్‌ని భుజాన వేసుకుని, రొప్పుతూ, చెమటలు కక్కుతూ లోపలికొచ్చి, దాన్ని ధబీమని కౌంటరు మీద పెట్టాడు.

"పొద్దున్న చెప్పాను! అక్కగారు ఎంతో మర్యాదగా రాసుకున్నారు! ఏ మనిషీ రాలేదేం?"

ఆ వెనకే ఇంకొకరు. అద్దాల గది తలుపు తెరుచుకుంది. నాన్న బయటికొచ్చి, భుజం రుద్దుకుంటున్న దర్జీని చూశాడు, కాళ్ళు చాపుకున్న మెకానిక్‌ని చూశాడు, చివరికి చిట్టిని చూశాడు.

"ఎల్లుండితో ఉచిత నెల అయిపోతుందమ్మా" అన్నాడు, అంతే. కోప్పడి ఉంటే బాగుండుననిపించింది చిట్టికి.

మెకానిక్ దర్జీ మిషన్‌ని వెనక గదిలోకి ఎత్తుకెళ్ళాడు. చిట్టి ఫోనక్క కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తింది. బ్రౌజర్ నెత్తిన సన్నసన్నటి ట్యాబులు, దువ్వెన పళ్ళలా ఈ కొస నుంచి ఆ కొసదాకా. పొద్దుట్నించి ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ ఒక ట్యాబు. అన్నిట్లోనూ వివరాలు పొందిగ్గా కొట్టి ఉన్నాయి. ఒక్కటీ సేవ్ చెయ్యలేదు.

"అక్కా, కింద 'సేవ్ చేసి మూసెయ్యి' అని బొత్తం ఉంది కదా, నొక్కలేదేం?"

ఫోనక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మూసెయ్యి అని ఉందమ్మా. నేను ఇన్నేళ్ళలో ఏ రోజూ కస్టమర్ కన్నా ముందు ఫోన్ పెట్టెయ్యలేదు. వాళ్ళు పెట్టాకే పెడతాను. ఇక్కడా వాళ్ళు మూస్తారేమోనని చూస్తున్నా. ఎవ్వరూ మూయడం లేదు!"

చిట్టికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ పక్కనే కూర్చుంది. "నిన్న పాఠంలో అడగొచ్చు కదక్కా?"

"అడుగుదామనే అనుకున్నా. బాబాయ్‌గారు లేరుగా!"

"బాబాయ్‌కీ దీనికీ ఏంటి సంబంధం?"

"ఆయనుంటే ఆయనే అడుగుతారమ్మా. చిత్రం చూడు, నాకు ఏ ముక్క తెలియదో సరిగ్గా ఆ ముక్కే ఆయనకీ తెలియదు!" ఫోనక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ గొంతు తగ్గించింది. "మా ఇద్దరివీ ఒకటే బుర్రలు. పాపం, అందరూ ఆయన్ని చూసి నవ్వుతుంటే నాకే బాధేస్తుంది."

చిట్టి నెమ్మదిగా మొదటి ట్యాబు చూపించి, "వాళ్ళు మూయరక్కా, వాళ్ళ పని మనం చేస్తామని నమ్మి వెళ్ళిపోయారు. మనం మూస్తేనే మెకానిక్‌కి చేరుతుంది" అంది. ఫోనక్క బొత్తం మీద బాణం పెట్టి, తెర వైపు కాస్త వంగి, "ఉంటానండీ" అని చెప్పి నొక్కింది. ట్యాబు మూసుకుంది. వెనక గదిలో మెకానిక్ ఫోను టింగుమంది. "వచ్చింది!" అని కేక. "ఉంటానండీ" అని ఇంకోటి. టింగ్. "ఉంటానండీ." టింగ్. మెకానిక్ పనిముట్ల సంచీ తగిలించుకుని, ఊళ్ళో మిషన్లన్నీ ఒక్కసారిగా చెడిపోయాయని కేరింతలు కొడుతూ బయటికి ఉరికాడు.

మర్నాడు చిట్టి పాఠం మళ్ళీ పెట్టింది. ఈసారి బాబాయ్‌ని ఎక్కడికీ పంపలేదు. పాఠం చెబుతూ తెర వంక కాకుండా బాబాయ్ వంక చూసింది. బాబాయ్ కూడా తెర వంక చూడటం లేదు. ఆయన చూపంతా ఫోనక్క చేతి మీదుంది. ఫోను తీగ ఆవిడ వేలికి చుట్టుకోవడం మొదలవగానే, "ఏదీ తల్లీ, ఇంకోసారి" అన్నాడు. చిట్టి మళ్ళీ చెప్పింది. తీగ విడిపోయింది. బాబాయ్ ఊరుకున్నాడు. కాసేపటికి తీగ మళ్ళీ చుట్టుకుంది.

"ఏదీ..."

"ఇంకోసారి చెబుతున్నా బాబాయ్" అంది చిట్టి. స్టేషన్లో కిటికీ గుర్తొచ్చింది. సంచీ చంకన పెట్టుకుని మెట్ల వైపు నడిచిన ముసలమ్మ గుర్తొచ్చింది. భాగహారం గుర్తొచ్చింది. తెలియనప్పుడు తను పెన్సిలు కొస కొరికేదట, అమ్మ చెబుతుండేది. బాబాయ్ ఆ రోజుల్లో లెక్క వంక చూశాడా, పెన్సిలు వంక చూశాడా?

పాఠం అయ్యాక టీ గ్లాసు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది. "బాబాయ్, నిజం చెప్పు. ఇవన్నీ నీకు మొదటిసారే అర్థమయ్యాయి కదూ?"

బాబాయ్ టీ ఊదుకున్నాడు. తల పక్కకి వంచాడు. కళ్ళు చికిలించాడు.

"ఏదీ, ఇంకోసారి అడుగు."

చిట్టి అడగలేదు. నవ్వి ఊరుకుంది.

ఆఖరి రోజు వచ్చింది. గోడ మీది తెరలో వీడియో కాల్. అవతల సాఫ్ట్‌వేర్ కంపెనీ కుర్రాడు, మెడలో హెడ్‌ఫోన్స్, మాట్లాడితే వడగళ్ళ వానే. ఇవతల దుకాణం మొత్తం కుర్చీలేసుకుని కూర్చుంది. "ముందు మావాళ్ళు నడుపుతారు, మీరు చూడండి" అంది చిట్టి.

మెకానిక్ ఒక ఫిర్యాదు పూర్తిచేసి చూపించాడు. రంగులు రాలాయి. బాబాయ్ ఒక కొత్త కస్టమర్ని ఎక్కించాడు. ఎవరి పేరో కాదు, పిన్ని పేరు. "ఏ మిషన్ కావాలి" అన్న గడిలో "అడిగి చెబుతా" అని కొట్టాడు. ఆయన వంతు అయిపోయింది. అప్పుడు నిజంగానే ఫోన్ మోగింది.

అందరూ ఫోనక్క వైపు తిరిగారు. బాబాయ్ ఆవిడ పక్కన లేడు, ఆ చివరెక్కడో ఉన్నాడు. ఫోనక్క రిసీవరెత్తింది.

"నమస్కారమండీ, చెప్పండి... అయ్యో, దారం తెగిపోతోందా?... సూది మార్చి చూశారా?... అలాగేనండీ, ఇప్పుడే పంపిస్తా." టకటక కొట్టింది. అవతలివాళ్ళు పెట్టేదాకా ఆగింది. రిసీవరు పెట్టింది. తెర వైపు వంగింది. "ఉంటానండీ."

"అప్పుడే వెళ్తున్నారా మేడమ్?" అన్నాడు వీడియోలో కుర్రాడు కంగారుగా.

టింగుమంది మెకానిక్ ఫోను. దుకాణం అదిరిపోయేలా చప్పట్లు. ఫోనక్క ఫోను తీగ వంక చూసుకుంది. అది బుద్ధిగా, మెలిక లేకుండా వేలాడుతోంది. నాన్న గొంతు సవరించుకుని, "సరే, తీసుకుందాం" అన్నాడు. చిట్టి ఎగిరి గంతేసింది. ఎవరూ చూడలేదనుకుంది గానీ, అందరూ చూశారు.

"గుడ్! అయితే చందా నిబంధనలు ఒక్కసారి చెప్పేస్తాను సార్" అన్నాడు కుర్రాడు. చెప్పాడు. వాడుకదారులు, పునరుద్ధరణ, గడువు, డేటా ఎగుమతి, రద్దు, నోటీసు, అన్నీ ఒక్క గుక్కలో. నాన్న గంభీరంగా తలూపుతూ విన్నాడు. "అర్థమైంది కదా సార్?" అంటే, "ఆఁ, ఆఁ" అన్నాడు. అంటూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి తుడుచుకున్నాడు.

చిట్టి ఆ కళ్ళజోడు చూసింది. నిబంధనలన్నీ తను ముందే రెండుసార్లు చదివేసింది, ప్రతి ముక్కా తెలుసు. కుర్చీల ఆ చివర బాబాయ్ కూడా కళ్ళజోడే చూస్తున్నాడు. ఆయన తల పక్కకి వంగింది. కళ్ళు చికిలించాడు. నోరు తెరిచాడు.

"ఏమండీ" అంది చిట్టి గబుక్కున. "నాకు సరిగ్గా అర్థం కాలేదు. కాస్త నెమ్మదిగా, ఇంకోసారి చెప్తారా? ఇది అద్దిల్లు లాంటిది కదా. రేపు మేం ఖాళీ చేస్తే మా సామాను మాకిస్తారా?"

బాబాయ్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. తర్వాత మెల్లగా మూసుకున్నాడు. చేతిలోని చెరుకుగడ ఎవరో లాక్కుపోయిన పిల్లవాడిలా ఉంది మొహం. మరుక్షణం అదే మొహం నిండా నవ్వు.

కుర్రాడు నెమ్మదిగా, మొదటినుంచి చెప్పాడు. సామానంతా ఇస్తారట, ఒక్క పేరు కూడా ఉంచుకోరట. ఎన్నాళ్ళు ముందు చెప్పాలో కూడా చెప్పాడు. నాన్న ఈసారి కళ్ళజోడు ముట్టుకోకుండా విన్నాడు. రెండు ప్రశ్నలు కూడా వేశాడు, చాలా మంచివి. సంతకం పెట్టేటప్పుడు ఆయన చెయ్యి హాయిగా కదిలింది.

వీడియో ఆగింది. టీలొచ్చాయి. మెకానిక్ దారం తెగుతున్న మిషన్ కోసం పరుగెత్తాడు. నాన్న తమ్ముడి పక్కకి చేరి, చిట్టికి వినపడదనుకుని, గొంతు తగ్గించి బాధగా చెప్పాడు.

"అంత చదివించానా! ఏం లాభం? ఒక్కసారి చెబితే బుర్రకెక్కదు. నాకు అర్థమైనంత కూడా దానికి అర్థం కాలేదు. అచ్చం నీ పోలికేరా."

బాబాయ్ చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టాడు. చిట్టి వంక ఒకసారి చూశాడు. తర్వాత అన్నగారి వైపు తిరిగి, తల పక్కకి వంచి, ఈసారి అచ్చంగా తన కోసమే అడిగాడు.

"ఏదీ అన్నయ్యా, ఇంకోసారి చెప్పు."